చక్రాలు, వాతం, నాడీ వ్యవస్థ: ఏ పోలిక ఎంతవరకు పనికొస్తుంది

తెలుగులో ‘నాడి’ అన్న ఒక్క మాట మూడు వేర్వేరు వస్తువులకు పేరుగా నడుస్తోంది. వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చూసేదీ నాడే. యోగ గ్రంథాలు 72,000 అని లెక్క చెప్పే ఇడా పింగళాదులూ నాడులే. పాఠ్యపుస్తకంలో మెదడు, వెన్నుపాము, వాటి నుంచి బయలుదేరే నరాలు కలిసి ఏర్పడేదీ నాడీ వ్యవస్థే. మొదటిది రక్తం కొట్టుకునే ధమని, రెండవది ప్రాణం సంచరిస్తుందని సాధకుడు భావించే మార్గం, మూడవది విద్యుత్, రసాయన సంకేతాలను మోసే కణజాలం. పాశ్చాత్య వైద్యం మన భాషలోకి వచ్చినప్పుడు కొత్త వస్తువుకు పాత మాటనే తొడగడం వల్ల, ఈ మూడూ ఒకటేనన్న అభిప్రాయం వాదనతో పని లేకుండా భాషలోంచే మనకు అబ్బింది. ‘పక్షవాతం’ సంగతీ అంతే: మెదడులో రక్తప్రసరణ దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బును మనం ఈనాటికీ ఆయుర్వేదం చెప్పే మూడు దోషాలలో ఒకటైన వాతం పేరుతోనే పిలుస్తున్నాం.

వెన్నెముక వెంట ఒకదానిపై ఒకటి ఉంటాయని యోగ గ్రంథాలు చెప్పే చక్రాలకూ, ఆయుర్వేదానికీ నాడీ వ్యవస్థతో లంకె వేసే పుస్తకాలు, తరగతులు ఇప్పుడు లెక్కలేనన్ని ఉన్నాయి గానీ, వాటిలో కనిపించే పోలికలు ప్రధానంగా నాలుగే. చక్రాలను నరాల అల్లికలుగా, అంటే ప్లెక్సస్‌లుగా చూడటం ఒకటి. అంతస్స్రావ గ్రంథులుగా చూడటం రెండవది. వాతాన్నీ దాని అయిదు భేదాలనూ నాడీ వ్యవస్థ చేసే పనులుగా చూడటం మూడవది. చక్రాలను శరీరంలో ధ్యాస నిలిపే చోట్లుగా మాత్రమే తీసుకోవడం నాలుగవది. నా అభిప్రాయం ముందే చెబుతాను: చోటును బట్టి కట్టిన పోలికలు పరీక్షకు నిలవవు, పనిని బట్టి కట్టినవి కొంతవరకు నిలుస్తాయి. అయితే చదువుకోవడానికా, సాధనకా, చికిత్సకా అన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది.

చక్రం అంటే నరాల అల్లిక అనే వాదం

వీటిలో అందరికీ తెలిసినది ఇదే. అన్నిటికంటే కింద ఉండే మూలాధార, స్వాధిష్ఠానాలకు కటి భాగపు అల్లికలు, మణిపూరానికి జీర్ణాశయం వెనుక ఉండే సోలార్ ప్లెక్సస్, అనాహతానికి గుండె దగ్గరి అల్లిక, విశుద్ధానికి గొంతులోని అల్లిక అని వరుసగా జతలు కడతారు. ఇది అనాదిగా వస్తున్న జ్ఞానమన్నట్టు చెబుతారు గానీ దీని వయసు నూట నలభై ఏళ్లకు అటూ ఇటూ మాత్రమే. 1888లో బామన్‌దాస్ బసు తంత్ర గ్రంథాలలోని చక్రాలను ప్లెక్సస్‌లతో పోలుస్తూ వ్యాసం రాశారు. 1927లో బొంబాయి వైద్యుడు వసంత్ రేలే మరో అడుగు ముందుకు వేసి, మూలాధారంలో నిద్రిస్తుందని తంత్రం చెప్పే కుండలిని అంటే కుడివైపు వేగస్ నరమేనని ఒక పుస్తకమే వెలువరించారు. విశేషమేమిటంటే, ఆ పుస్తకానికి ముందుమాట రాసిన, తంత్ర గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చిన జాన్ వుడ్రాఫ్ ఆ ముందుమాటలోనే ఆ సిద్ధాంతంతో ఏకీభవించలేదు. కుండలిని ఒక నరం కాదు, దేహానికీ మనసుకూ ఆధారమైన శక్తి అన్నది ఆయన అభిప్రాయం.

వుడ్రాఫ్ అభ్యంతరం తాత్వికమైనది. శరీర నిర్మాణం వైపు నుంచి చూసినా చిక్కులు తక్కువేమీ కాదు. వేగస్ నరం మెదడు కాండం నుంచి బయలుదేరి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం మీదుగా పెద్దపేగు మధ్యభాగం వరకు దిగి ఆగుతుంది. మూలాధారం చెప్పబడిన ప్రాంతంలోని అవయవాలను నడిపేవి ప్రధానంగా వెన్నెముక అడుగుభాగం నుంచి వచ్చే త్రిక నరాలు. మణిపూరం నాభి దగ్గర ఉంటుందని గ్రంథాలు అంటాయి. నాభి సాధారణంగా మూడవ, నాలుగవ కటి (నడుము) వెన్నుపూసల ఎత్తులో ఉంటే, సోలార్ ప్లెక్సస్ పన్నెండవ వక్ష (ఛాతీ) వెన్నుపూసకూ మొదటి కటి వెన్నుపూసకూ ఎదురుగా, అంటే బెత్తెడు పైన ఉంటుంది. ఈ తేడాను సర్దడానికే కొన్ని పటాలు మణిపూరాన్ని నాభి నుంచి పైకి జరిపాయి. పటాన్ని శరీరానికి తగినట్టు దిద్దడంలో తప్పేమీ లేదు కానీ, దిద్దిన తరువాత ‘చూశారా, సరిగ్గా సరిపోయింది’ అనడం మాత్రం న్యాయం కాదు.

ఇడా పింగళల నడుమ సాగే నాడి అయిన సుషుమ్నను వెన్నుపాముగా చూపినప్పుడూ ఇటువంటి ఇబ్బందే వస్తుంది. పెద్దవారిలో వెన్నుపాము మొదటి రెండు కటి వెన్నుపూసల దగ్గరే ముగుస్తుంది; అక్కడి నుంచి కిందికి వెన్నెముక కాలువలో ఉండేది గుర్రపు తోకలా వేలాడే నరాల కట్ట. కింది రెండు చక్రాలను ఆ పటంలో గుర్తించే చోట వెన్నుపాము లేనే లేదు. ఆ ప్రాంతపు మలమూత్ర విసర్జనను నడిపించే త్రిక విభాగాలు నిజానికి నడుము పైభాగం ఎత్తులో ఉండి, తమ నరాలను మాత్రం కిందికి పంపుతాయి. పని ఒక చోట, ఆ పనిని నడిపేది మరొక చోట ఉండటం నాడీ వ్యవస్థ స్వభావం. చోట్లను జతపరిచే పటానికి ఈ సంగతి అందదు.

దళాల లెక్కను నరాల కొమ్మల సంఖ్యగా వివరించేవారు కూడా ఉన్నారు. మూలాధారం నుంచి కనుబొమల మధ్య ఉండే ఆజ్ఞ వరకు దళాలు 4, 6, 10, 12, 16, 2, కూడితే 50. ఒక్కొక్క దళం మీద ఒక్కొక్క సంస్కృత వర్ణం ఉంటుంది, మాతృకా వర్ణాలు 50. ఈ సంఖ్యలకు మూలం అక్షరమాలే గానీ శవపరీక్ష కాదు. పైగా చక్రాల సంఖ్య కూడా అన్ని సంప్రదాయాలలో ఒకటి కాదు: 1577లో పూర్ణానందుడు బెంగాల్‌లో రాసిన షట్చక్రనిరూపణం ఆరింటినీ వాటిపై నడినెత్తిన ఉండే సహస్రారాన్నీ వర్ణిస్తే, నాథ సంప్రదాయపు సిద్ధసిద్ధాంతపద్ధతి తొమ్మిది చెబుతుంది. అల్లికలే చక్రాలైతే ఈ లెక్క సంప్రదాయానికొక రకంగా మారే అవకాశం ఉండదు కదా.

ఈ పరీక్షను పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలోనే ఒకరు స్వయంగా చేశారు. స్వామి దయానంద సరస్వతి తన ఆత్మకథలో చెప్పిన ప్రకారం, గంగలో తేలివచ్చిన ఒక శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, తన దగ్గరున్న హఠయోగ గ్రంథాల వర్ణనలతో పోల్చి చూసి, ఏదీ కలవకపోవడంతో ఆ గ్రంథాలను చించి శవంతోపాటే నదిలో వదిలేశారు. ఆయన ధైర్యం మెచ్చదగినదే. అయితే గ్రంథం చెప్పేది కోసి చూడగల వస్తువు గురించే అన్న ఊహ ఆయనదీ, ప్లెక్సస్ వాదులదీ కూడా. ఒకరు దొరకలేదన్నారు, మరొకరు దొరికిందన్నారు.

గ్రంథుల పోలిక

దీని మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. అడ్రినల్ గ్రంథులను కొందరు మూలాధారానికీ మరికొందరు మణిపూరానికీ కడతారు, పీనియల్ గ్రంథిని కొందరు ఆజ్ఞకూ కొందరు సహస్రారానికీ కడతారు. అడ్రినల్ గ్రంథులు ఉండేది మూత్రపిండాల నెత్తిన; వాటికి మూలాధారం చాలా దూరం. గ్రంథుల పట్టికలూ, ఇంద్రధనుస్సు రంగుల పటాలూ ఇరవయ్యవ శతాబ్దంలో పాశ్చాత్య ఆధ్యాత్మిక రచనల ద్వారా స్థిరపడినవి. షట్చక్రనిరూపణం ప్రకారం పృథ్వీ తత్వపు చతురస్రం పసుపు, అగ్ని తత్వపు త్రికోణం ఎరుపు, వాయు తత్వపు షట్కోణం పొగ రంగు. ఇంద్రధనుస్సు పటంలో అవే చోట్ల వరుసగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కనిపిస్తాయి. ఒక పుస్తకం ప్రాచీనమని చెప్పుకుంటూ రెండవ వరుసను చూపితే, మిగతా విషయాలను కూడా అంతే జాగ్రత్తగా చదవాలని అర్థం.

ఇడా, పింగళలు

ఆ నాలుగింటితోపాటు వినిపించే చిన్న పోలిక ఇది: ఎడమ వైపు నాడి, చంద్రుడికి చెందిన ఇడను పారాసింపథెటిక్ వ్యవస్థగానూ, కుడి వైపుది, సూర్యుడికి చెందిన పింగళను సింపథెటిక్ వ్యవస్థగానూ చెప్పడం యోగ తరగతుల్లో పరిపాటి. చంద్రుడు చల్లదనం, సూర్యుడు వేడి అన్న భావనకు ‘విశ్రాంతి, జీర్ణం’ ఒకవైపు, ‘పోరాటం, పరుగు’ ఒకవైపు అన్న వివరణ చక్కగా అతుకుతుంది. ఎడమ, కుడి అన్న భాగం మాత్రం అతకదు: సింపథెటిక్ గొలుసులు వెన్నెముకకు రెండు వైపులా ఒకేలా ఉంటాయి, వేగస్ నరం కూడా కుడి ఎడమల జంటే. అయితే ఈ పోలికలో కొట్టిపారేయలేని ఒక పరిశీలన దాగి ఉంది. ముక్కు రంధ్రాలలో ఒకటి కాసేపు ఎక్కువగా, మరొకటి తక్కువగా గాలి పీల్చడం, కొన్ని గంటలకు అవి వంతు మార్చుకోవడం నిజమే. 1895లో రిచర్డ్ కైజర్ దీనిని వైద్య పరిభాషలో వర్ణించారు, ముక్కు రంధ్రాల శ్వాసను గమనించే స్వరశాస్త్రం చదివినవారు అంతకు ఎంతో ముందే గమనించారు. ముక్కు లోపలి రక్తనాళాలను బిగించేది సింపథెటిక్ నరాలే గనుక, ఈ వంతుల మార్పు స్వయంచాలిత నాడీ వ్యవస్థ చేసే పనే. గమనింపు సరైనది, దాని మీద కట్టిన ఎడమ కుడి సిద్ధాంతం అంత గట్టిది కాదు.

వాతం: పనితో పోల్చినప్పుడు

నన్ను అడిగితే ఎక్కువ ఫలితమిచ్చే పోలిక ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చరక సంహిత సూత్రస్థానం పన్నెండవ అధ్యాయం వాయువును ‘నియంతా ప్రణేతా చ మనసః’ అంటుంది, అంటే మనసును అదుపు చేసేదీ నడిపించేదీ వాయువే. అన్ని ఇంద్రియాలనూ పనికి పురికొల్పేదీ, అన్ని రకాల చేష్టలకూ ప్రేరకమైనదీ అదేనని అక్కడే ఉంది. ఈ వర్ణనలో ఎక్కడా ఫలానా అవయవమే వాయువు అని లేదు. అది ఒక పని పేరు.

మరో ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగహృదయం అయిదు వాయువుల పనులను విడివిడిగా చెప్పిన తీరు ఇంకా ఆసక్తికరం. ప్రాణవాయువు శిరస్సులో ఉండి ఉమ్మడం, తుమ్ము, త్రేనుపు, శ్వాస, అన్నం మింగడం అనే పనులు చేస్తుందని ఉంది. ఈ జాబితాను నాడీ వైద్యుడి ముందు పెడితే, వీటిలో చాలా వరకు మెదడు కాండం సమన్వయం చేసే పనులని గుర్తుపడతాడు. రోగి మింగలేకపోతున్నాడా, శ్వాస లయ తప్పిందా అని అతడు చూసేది కూడా ఆ భాగం క్షేమం తెలుసుకోవడానికే. అపానవాయువు శుక్రం, ఆర్తవం, మలం, మూత్రం, గర్భం వీటి నిర్గమాన్ని నడుపుతుంది; వీటిలో అధికభాగం వెన్నుపాములోని రెండవ నుంచి నాలుగవ త్రిక విభాగాల పరిధిలోకి వస్తుంది. సమానవాయువు అన్నాన్ని గ్రహించి, పచనం చేసి, సారాన్నీ మలాన్నీ వేరుచేసి వదులుతుంది; పేగు గోడల్లోనే పది కోట్లకు పైగా నాడీకణాలతో, మెదడు ఆజ్ఞ లేకుండానే ఈ పనిని చాలావరకు నడుపుకునే వ్యవస్థ ఉందని ఇప్పుడు మనకు తెలుసు. వ్యానవాయువు మహావేగంతో దేహమంతా తిరుగుతూ నడక, అవయవాలను ఎత్తడం దించడం, రెప్పపాటు నిర్వహిస్తుంది. ఉదానవాయువు మాటకూ ప్రయత్నానికీ జ్ఞాపకానికీ కారణం.

ఇంత దగ్గరగా వచ్చిన పోలికను చూసి ‘వాతమంటే నాడీ వ్యవస్థే’ అని తీర్మానించాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. చరకుడు వాతానికి మాత్రమే ప్రత్యేకమైన ఎనభై రోగాలు చెప్పాడు. వాటిలో గృధ్రసి (నడుము నుంచి కాలికి దిగే నొప్పి), అర్దితం (ముఖం వంకర పోవడం), పక్షవధం (పక్షవాతం) వంటివి నాడీ సంబంధమైనవే గానీ, గోళ్లు పగలడం, పాదాలు పగలడం కూడా ఆ జాబితాలోవే. మరోవైపు మూర్ఛరోగాన్ని, అంటే అపస్మారాన్ని, వాతవ్యాధులలో కలపకుండా వేరే అధ్యాయంలో మూడు దోషాలకూ ముడిపెట్టి వివరించాడు. నాడీ వ్యవస్థకు చెందనివి వాతంలో ఉన్నాయి, నాడీ వ్యవస్థకు తప్పనిసరిగా చెందినవి వాతం ఒక్కదానిలోనే లేవు. వాతానికి ప్రధాన స్థానం పక్వాశయం, అంటే పెద్దపేగు ప్రాంతమన్న మాటను పట్టుకొని, పేగుకూ మెదడుకూ ఉన్న సంబంధాన్ని ప్రాచీనులు ముందే చెప్పేశారని కొందరు వాదిస్తారు. వేగస్ నరంలోని తంతువులలో దాదాపు 80 శాతం అవయవాల నుంచి మెదడుకు వార్తలు తీసుకువెళ్లేవేనన్నది నిజమే. కానీ మలబద్ధకం, కడుపు ఉబ్బరం, నిద్రలేమి కలిసి రావడం గమనించిన వైద్యుడి అనుభవాన్ని నరాల జ్ఞానంగా మార్చి చెప్పడం ఆ వైద్యుడికి గౌరవం కాదు. మనసు ఎక్కడుందన్న విషయంలో ఆయుర్వేదంలోనే ఏకాభిప్రాయం లేదు: చరకుడు చేతనకు హృదయాన్ని ఆశ్రయంగా చెబితే, భేల సంహిత మనసును శిరస్సుకూ అంగిలికీ నడుమ ఉంచుతుంది. ఇంకొక మాట: చరక, సుశ్రుత సంహితలలో ఆరు చక్రాల వ్యవస్థ లేదు, సుశ్రుతుడు చెప్పినవి దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్లు, అంటే 107 మర్మాలు. చక్రానికొక దోషం, దోషానికొక నరం అని గళ్లు గీసిన పట్టిక ఎక్కడైనా కనిపిస్తే, అది రెండు వేర్వేరు శాస్త్రాలను ఈ కాలంలో కలిపి కుట్టినదని గ్రహించాలి.

ధ్యాస నిలిపే చోటుగా చక్రం

సాధన చేసేవారికి నేను సూచించేది ఈ నాలుగవ మార్గాన్నే, ఎందుకంటే దీనికి ఏ నరం పేరూ అక్కరలేదు. దుఃఖం గొంతులో, భయం కడుపులో, ఆప్యాయత ఎదలో తెలియడం అందరి అనుభవం; ఆ చోట్ల మీద మనసు నిలిపి శ్వాస నెమ్మదించినప్పుడు జరిగే మార్పును కొలవవచ్చు కూడా. ఇప్పుడే చూడండి. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్లు ఆనించి నాలుగు అంకెల పాటు గాలి పీల్చి, ఆరు అంకెల పాటు వదలండి. పీల్చేటప్పుడు దెబ్బలు కొంచెం దగ్గరగా, వదిలేటప్పుడు కొంచెం ఎడంగా పడటం చాలామందికి నాలుగైదు శ్వాసలలోనే తెలుస్తుంది. వదిలే శ్వాసలో గుండెను నెమ్మదింపజేసేది వేగస్ నరం. లూచానో బెర్నార్డీ బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో 23 మంది ఆరోగ్యవంతులు లాటిన్ జపమాల ప్రార్థననూ, ‘ఓం మణి పద్మే హూం’ మంత్రాన్నీ పఠించినప్పుడు, రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుకు చేరువై, గుండె లయలూ రక్తపోటు సర్దుబాటూ మెరుగుపడ్డాయి. దేవుడు వేరైనా ఊపిరి లెక్క ఒక్కటే అయింది.

ఇక్కడే ఒక పొరపాటును దగ్గరగా చూపాలి. కొన్నేళ్ల క్రితం ఒక శిబిరంలో నేను కొలిమితిత్తిలా ఊపిరి ఆడించే భస్త్రికను వేగంగా, ఎక్కువసేపు చేసినప్పుడు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టై, వేళ్లు వాటంతటవే కొంకర్లు పోయాయి. పక్కనున్న మార్గదర్శకుడు ‘శక్తి కదులుతోంది, ఆపకండి’ అన్నారు. అతిగా ఊపిరి తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తం క్షారత్వం పెరిగి, స్వేచ్ఛగా ఉండే కాల్షియం తగ్గడం వల్ల నరాలు అకారణంగా ఉద్రేకపడతాయి. కొంకర్లకు కారణం అదే. ఆపి, మామూలుగా ఊపిరి తీసుకుంటే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది, నాకూ అలాగే సర్దుకుంది. మూర్ఛరోగం, తీవ్రమైన మానసిక రుగ్మతలు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ఇటువంటి వేగవంతమైన ప్రాణాయామాల జోలికి పోకూడదు. నెమ్మది శ్వాస వారికి చాలు.

ఎవరికి ఏది

తంత్ర, యోగ గ్రంథాలను చదవాలనుకునేవారు ఏ పోలికనూ వెంట తీసుకువెళ్లకపోవడమే మంచిది. దళం మీది అక్షరాన్ని అక్షరంగానే, తత్వపు రంగును తత్వపు రంగుగానే చదివితే గ్రంథం తన మాట తాను చెబుతుంది. యోగ బోధకులు నరాల పేర్లు వాడక తప్పదనుకుంటే, ‘మణిపూరమే సోలార్ ప్లెక్సస్’ అనే బదులు ‘ఇక్కడ ధ్యాస ఉంచి నెమ్మదిగా ఊపిరి వదిలితే వేగస్ నరం ప్రభావం పెరుగుతుంది’ అని చెబితే తప్పు కాదు. 1924లో లోనావాలాలో కైవల్యధామ స్థాపించిన స్వామి కువలయానంద పట్టిన దారి కూడా ఇదే: పొట్ట కండరాలను తిప్పే నౌళి చేసేటప్పుడు పెద్దపేగు లోపలి పీడనం ఎంత మారుతుందో కొలిచారు. ఒత్తిడి, నిద్రలేమి తగ్గించుకోవాలనుకునేవారికి చక్రాల సిద్ధాంతం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఫలితం శ్వాస నెమ్మదితనాన్ని బట్టే ఉంటుంది గనుక, తమకు రోజూ చేయాలనిపించే పద్ధతిని ఎంచుకోవచ్చు.

లక్షణాలు ఉన్నవారి సంగతి వేరు. పాదాల తిమ్మిరికి మధుమేహం గానీ బి12 లోపం గానీ కారణం కావచ్చు. రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి, ‘మూలాధారం మూసుకుపోయింది’ అన్న వివరణ ఆ పరీక్షను ఆలస్యం చేస్తుంది. నోరు ఒకవైపు వంగడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం హఠాత్తుగా మొదలైతే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే రక్తపు గడ్డను కరిగించే మందు ఇచ్చే గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. వాత చికిత్సలైన అభ్యంగనం (నూనె మర్దన), స్వేదం (చెమట పట్టించడం) కండరాల బిగువుకూ కోలుకునే దశకూ ఉపయోగపడవచ్చు. మొదటి గంటల్లో వాటికి చోటు లేదు.

ఆయుర్వేద మందు తీసుకోవాలని నిర్ణయించుకున్నవారు మూలికా ఔషధానికీ, లోహాలు, ఖనిజాలు కలిసే రసౌషధానికీ తేడా అడిగి తెలుసుకోవాలి. 2004లో ప్రచురితమైన అధ్యయనంలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటో అంతకంటే ఎక్కువో కనిపించాయి. సీసం దెబ్బతీసేది నాడీ వ్యవస్థనే కనుక, నరాల కోసం వాడిన మందే నరాలకు చేటు చేయవచ్చు. ‘బ్రాహ్మి’ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతాయి గనుక సీసా మీద శాస్త్రీయ నామం చూడాలి: బకోపా మొన్నియెరి ఒకటి, సెంటెల్లా ఏషియాటికా మరొకటి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, నిద్రమాత్రల మత్తును ఎక్కువ చేయగలదు, కొద్దిమందిలో కాలేయానికి హాని చేసిన సందర్భాలు నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఆ సంగతిని ఆయుర్వేద వైద్యుడికీ, అశ్వగంధ వాడుతున్న సంగతిని తమ ఎండోక్రైనాలజిస్టుకూ మొదటి రోజే చెప్పాలి.